తోట గేటుకు గుచ్చిన గుండుసూది

ఈనక్ గలిఫర్డ్ బతికుండగా నెదర్‌కూంబ్‌లో ఒక్కడూ అతనికి గ్లాసుడు యాపిల్ కల్లు పోయించిన పాపాన పోలేదు. పోయాడని తెలియగానే మాత్రం మోస్తామంటూ ఆరుగురు భుజాలు దులుపుకుని వచ్చారు. వాళ్ల ముందు నడిచి వచ్చినవాడు కమ్మరి జేబెజ్ మడ్జ్. ఈనక్ భార్య థర్జా ఇంట్లో, మొగుడి శవం బల్ల మీద ఉండగా, టోపీ తీయకుండా కూర్చున్నాడు.

"ఈనక్ అన్నని రాజులా తీసుకెళ్తాం వదినా. నువ్వేం బెంగ పెట్టుకోకు."

"కిందటి చలికాలం ఆయన జైల్లో ఉంటే నాకు గుప్పెడు బార్లీ ఇచ్చిన దిక్కు లేదు. ఇప్పుడు రాజయ్యాడా?" అంది థర్జా.

"పాత సంగతులు ఇప్పుడెందుకు తవ్వుతావు?" అని నీళ్లు నమిలాడు జేబెజ్.

ఈ ప్రేమ ఎందుకు పొంగిందో ఆమెకు తెలియనిది కాదు. వానలకి వాగు పొంగి కిందిదారి మునిగిపోయింది. చర్చికి పోవాలంటే మిగిలింది దొరగారి తోటలోంచి పోయే అడ్డదారి ఒక్కటే. తాతల నాటి నుంచి ఊరు నడిచిన దారి అది. కుర్రదొర ఆస్తి చేతికి రాగానే గేటు పెట్టించి గొలుసు వేయించాడు. శవాన్ని మోసుకెళ్లిన దారి ఇక ఎప్పటికీ ఊరిదేననీ, దాన్ని మూసే హక్కు ఏ దొరకీ ఉండదనీ ఆ ప్రాంతంలో దొర దగ్గర్నుంచి పశువుల కాపరి దాకా అందరూ నమ్ముతారు. ఊరికి కావలసింది ఈనక్ కాదు, ఒక శవం.

అయినా ఒప్పుకుంది. చర్చి పక్కన తమ ఇద్దరు పిల్లల సమాధులున్నాయి. వాళ్ల పక్కన పెట్టమని ఈనక్ ఆఖరి రోజుల్లో పదే పదే అడిగాడు. బతికినన్నాళ్లూ వెలివేసినట్టు చూసిన ఊరు కనీసం ఆ ఒక్క పూటైనా ఆయన్ని భుజాన మోస్తే చాలనుకుంది. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

శవపెట్టె మోసుకుని తోట గేటు దగ్గరికి వచ్చేసరికి దొరగారి ఏజెంటు క్రేస్ గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. వెనక నలుగురు వేట కాపలాదార్లు. వాళ్లలో సైలస్ పాస్క్ ఉన్నాడు. దొరగారి నేలలో పట్టిన ఒక్క కుందేలు కోసం ఈనక్‌ని మెడ పట్టుకుని జైలుకి ఈడ్చినవాడు అతనే.

"దొరగారు రాక్షసుడేం కాదమ్మా, పోనిస్తారు," అన్నాడు క్రేస్. "కాకపోతే ముందు ఈ గేటుకి ఒక గుండుసూది గుచ్చు. అదే సుంకం. సుంకం కట్టి నడిచినవాళ్లు దారి దొరగారిదని ఒప్పుకున్నట్టే."

"గుచ్చకు వదినా," అన్నాడు జేబెజ్ వెంటనే. "గుచ్చావా, మన నోట్లో మట్టే. పెట్టె ఇక్కడే దించుతాం. నీళ్లు తగ్గేదాకా దించి కూర్చుంటాం. ఎన్నాళ్లు ఆపుతాడో చూద్దాం."

"ఎవర్ని దించుతావు జేబెజ్? నీ కొలిమిలో ఇనుమునా?"

"ఊరి కోసం కాస్త ఓర్చుకోమంటున్నా."

పాత కంచె చెక్కలతో చేసిన పెట్టె అది. సందుల్లోంచి వాన లోపలికి కారుతోంది. థర్జా కాసేపు ఆ సందుల వంకే చూసింది. తర్వాత శాలువాకి పెట్టుకున్న గుండుసూది తీసి గేటు చెక్కకి గుచ్చింది. క్రేస్ తాళం తీశాడు.

జేబెజ్ కాండ్రించి ఉమ్మాడు. "మా దారిని సూదికి అమ్ముకున్నావు. నువ్వే మోసుకో," అన్నాడు. ఆరుగురూ పెట్టెను బురదలో దించేశారు. దించడం కూడా కాదు, వదిలేశారు. ఒక్కడు కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

క్రేస్ సైగ చేస్తే కాపలాదార్లు వచ్చి ఎత్తుకున్నారు. తల వైపు సైలస్ పట్టాడు. "బరువే లేడమ్మా," అన్నాడు నెమ్మదిగా. వెటకారం ఉంటే బావుండేది. అతను నిజంగానే జాలి పడుతున్నాడు.

చర్చి గుమ్మంలో పాదిరీ లావింగ్టన్ తెల్ల అంగీలో ఎదురొచ్చాడు. ఎవరు మోస్తున్నారో చూశాడు. చూసి, ప్రార్థన చదువుకుంటూ ముందు నడిచాడు.

ఆ తర్వాత బావి దగ్గరికి థర్జా వస్తే ఆడవాళ్లు సగం నిండిన బకెట్లతోనే వెళ్లిపోయేవాళ్లు. చిల్లుపడిన గిన్నెకి మాటు వేయడానికి జేబెజ్‌కి ఎప్పుడూ తీరిక దొరకలేదు. ఆదివారాలు చుట్టూ తిరిగే కిందిదారిన బురద తొక్కుతూ చర్చికి పోయేవాళ్లు ఆమె గుమ్మం ముందు ఆగి మరీ "సూదిమనిషి" అనేవాళ్లు.

వేసవి మొదట్లో పాదిరీ స్వయంగా ఆమె ఇంటికొచ్చాడు. ఆయన ఆ ఊరి చరిత్ర రాస్తున్నాడు. చర్చి గంటలెవరు పోయించారు, దొరగారి వంశం ఏ రాజుతో వచ్చింది, అన్నీ అందులో ఉంటాయట. కుర్చీ తుడుచుకుని కూర్చుని కలం తీశాడు.

"ఆ రోజు జరిగింది చాలా అరుదైన ఆచారం థర్జా. ఒక పేజీ ఇద్దామనుకుంటున్నాను."

"దారి ఎవరిదో కూడా రాస్తారా అయ్యగారూ?"

"శవాన్ని మోసుకెళ్తే దారి ఊరిదవుతుందనడం ఉత్త భ్రమ. చట్టంలో ఎక్కడా లేదు, ఎప్పుడూ లేదు. సూది గుచ్చినా, గుచ్చకపోయినా ఒకటే. పాపం, దొరగారూ నమ్మారు. అదే తమాషా."

థర్జా చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టింది. "మీకు ఆ రోజే తెలుసా?"

"తెలియకేం. ముందురోజు క్రేస్ వచ్చి సూది సంగతి చెప్పినప్పుడే నవ్వుకున్నాను."

"మరి ఒక్క మాట చెప్పలేదేం?"

ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. "చెబితే ఆ తంతు ఆగిపోయేది కదా. ఇలాంటివి కళ్లారా చూసే అవకాశం మళ్లీ రాదు."

ఒక్క మాట. ఆ మాట చెప్పి ఉంటే ఈనక్ బురదలో పడేవాడు కాదు. తనని జైలుకి ఈడ్చినవాడి భుజం మీదే పోవలసిన ఖర్మ ఉండేది కాదు. థర్జాకి ఆయన గొంతు పిసకాలనిపించింది. చేతులు రెండూ ఏప్రన్‌లో దాచుకుంది.

"మా ఆయన పేరు వేస్తారా?"

"పేరు అక్కర్లేదు. 'ఒక కూలివాడి భార్య' అంటే సరిపోతుంది. ఇంతకీ ఆ సూది ఇత్తడిదా, ఎముకదా? గేటుకి రంగు వేసినప్పుడు పనివాళ్లు పీకి పారేశారట. ఇలాంటి వివరాల్లో తప్పు దొర్లకూడదు."

ఇత్తడిది. పెళ్లికి ముందు తిరునాళ్లలో ఈనక్ కొని పెట్టింది.

"ఎముకది," అంది థర్జా. "గొర్రె ఎముకతో చేసింది. మా అత్తగారిది."

పాదిరీగారి ముఖం వెలిగిపోయింది. గబగబా రాసుకున్నాడు.

"గుచ్చే ముందు దాన్ని నాలుకకి తాకించాను. మాలో అది ఆచారం," అంది ఆమె. "ఎడమచేత్తోనే గుచ్చాలి. గుచ్చేటప్పుడు పోయినవాడి పేరు పలకకూడదు. పలికితే అరిష్టం."

"అద్భుతం. ఇది ఎవరూ రాయలేదు. ఇంకా ఏముంది?"

"చాలా ఉంది, రాసుకోండి అయ్యగారూ," అని థర్జా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. పొద్దు వాలేదాకా ఆమె కల్పించి చెబుతూనే ఉంది, ఆయన తల ఎత్తకుండా రాస్తూనే ఉన్నాడు.