పన్నెండో తోక

మా అమ్మాయి ఏడో పుట్టినరోజుకి పదకొండు తోకలు కుట్టాను. పులికి చారలు, నక్కకి కుచ్చు, కోతికి లోపల తీగ పెట్టి వంపు. ఇంట్లో బట్టలు కుట్టి సంపాదించుకునేదాన్ని, నాకొచ్చిన విద్య అదొక్కటే. ఇల్లంతా అడవి చేసెయ్యాలని పంతం పట్టాను. ఆ పంతానికి కారణం మా చిన్న తోటికోడలు.

ఆమె నర్సరీ టీచరు. రెండు వీధుల అవతల ఇల్లు. రెండు నెలల క్రితం కొడుకు పుట్టినరోజుకి ఇంటిని సముద్రం చేసింది. నీలం దుప్పట్లు పరిచి, పిల్లల్ని చేపలు చేసి రెండు గంటలు ఆడించింది. ఒక్క పిల్లా ఏడవలేదు, ఒక్క గ్లాసూ పగల్లేదు. ఇంటికొచ్చే దారిలో మా అమ్మాయి, నా పుట్టినరోజుకి ఆటలు పిన్ని ఆడిస్తుందా అని అడిగింది. పొరుగింటి పుల్లకూర రుచి అని సరిపెట్టుకుందామనుకున్నాను గానీ, కడుపు మండిపోయింది. నా పిల్ల నన్ను కాదని ఆమె వెనకాల పోతోందని భయం వేసింది.

అందుకే ఒక వెధవ పని చేశాను. ఆకుల్లా కార్డులు కత్తిరించి, పిల్లలందరినీ నాలుగు గంటలకు రమ్మని రాశాను. తోటికోడలికి మాత్రం కార్డివ్వకుండా, ఆరింటికని ఫోన్లో చెప్పాను. ఆటలన్నీ నేనే ఆడిస్తాను, ఆమె వచ్చేసరికి కేకు ఒక్కటే మిగులుతుందని నా లెక్క. వీడికీ తోక కావాలట అక్కా అని ఆమె అడిగితే, నాకు ఊపిరి సలపడం లేదు, నువ్వే కుట్టెయ్ అన్నాను. ఆమెకి గుండీ కుట్టడం కూడా రాదని తెలిసే అన్నాను.

నాలుగింటికి అడవి నిండింది. అరగంటలో నా చెయ్యి దాటిపోయింది. తోకలు పీక్కునే ఆటలో నక్క పులిని కొరికింది. కోతి సోఫా వెనక దూరి బయటికి రానంది. నేను అరిచాను, ఎవరూ వినలేదు. మిషను ముందు ఒంటరిగా కూర్చుని పని చేసుకునేదానికి పదకొండు మందిని తిప్పుకోవడం ఎక్కణ్ణుంచి వస్తుంది? మా అమ్మాయి ఆడడం మానేసి గుమ్మం వైపే చూస్తోంది. పిన్ని రాలేదేంటని మూడుసార్లు అడిగింది. మూడోసారి కసిరాను. పుట్టినరోజు పూట పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆరవుతుండగా చివరి ఆట మొదలుపెట్టాను. కళ్ళకు గంతలు కట్టుకున్న ఎలుగుబంటి, చెయ్యి తడిమి అదెవరిదో చెప్పాలి. మా అమ్మాయే ఎలుగుబంటి. నేను చెయ్యి చాచబోతుంటే తోటికోడలు కొడుకుని వెంటబెట్టుకుని లోపలికొచ్చింది. చూడగానే ఆట అర్థమైపోయింది. చప్పుడు చెయ్యొద్దని పెదాల మీద వేలు పెట్టుకుని సైగ చేసి, నాకంటే ముందు తన చెయ్యి చాచింది. అదీ నాకు కంటగింపే అయింది.

పిల్ల ఆ వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది. చూపుడువేలి కొస దగ్గర ఆగింది. నా చూపుడువేలు సూదిపోట్లతో గరుకుగా ఉంటుంది, పిల్ల చిన్నప్పట్నుంచీ దాన్ని పట్టుకునే నిద్రపోతుంది.

"అమ్మ," అంది సంతోషంగా.

చివరికి నా వేలు కూడా ఆమెకేనా అనుకున్నాను. గంతలు విప్పి చూసి పిల్ల తెల్లబోయింది. తోటికోడలు సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. వేలి నిండా సూది గుచ్చుకున్న మచ్చలు.

"మూడు రోజుల్నుంచి కుడుతున్నానక్కా. పెద్దమ్మ కుట్టినట్టే ఉండాలని వీడు ఒకటే గొడవ. నేనేం చేసినా పెద్దమ్మ చేసినట్టు లేదంటాడు. నిజం చెప్పాలంటే మీ మీద ఒళ్ళు మండింది నాకు," అంది.

వాడి వెనకాల బూడిదరంగు తోక ఒకటి వేలాడుతోంది. వంకర కుట్లు, బయటికి పొడుచుకొచ్చిన దూది. అది ఏ జంతువుదో చెప్పడం కష్టం. వాడు గదంతా కలయజూశాడు. నేల మీద తెగిన తోకలు, ఖాళీ గ్లాసులు.

"ఆటలన్నీ అయిపోయాయా పెద్దమ్మా?"

తోటికోడలి చూపు గోడకి అంటించిన ఆకు కార్డు మీద పడింది. నాలుగు గంటలకు అని దాని మీద నా చేతిరాతే ఉంది. కాసేపు దాన్నే చూసి, "నేనే మర్చిపోయి ఉంటాలెండి," అంది నవ్వు తెచ్చుకుని మెల్లగా.

తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే సరిపోయేది. తప్పించుకునే దారి కూడా ఆమే చూపించింది. కానీ ఆ వేలు నా కళ్ళముందే ఉంది.

"కాదు, ఆరింటికని నేనే చెప్పాను. కావాలనే చెప్పాను. మా పిల్లకి నువ్వంటే ఎక్కువ ఇష్టమని," అన్నాను.

ఆమె మొహంలో నవ్వు పోయింది. కొడుకుని తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. అంతలో వాడి తోక ఊడి నేల మీద పడింది. ఆమె వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, నా చేతిలో పెట్టింది.

"ఇది మీరు కుట్టండి. ఈలోపు ఆటలు మళ్ళీ మొదట్నుంచీ నేను ఆడిస్తా."

సూదిలో దారం ఎక్కించుకుని పక్కగదిలో కూర్చున్నాను. అవతల అందరికంటే గట్టిగా వినిపిస్తోంది మా అమ్మాయి నవ్వు. కడుపు మండుతూనే ఉంది. అలవాటు కొద్దీ ఆ వంకర కుట్లు విప్పబోయాను. మనసొప్పక, విప్పకుండానే వాటి పక్కన నా కుట్టు వేశాను.