పొడుగు మాట

మిరపకాయలకు తొడిమలు తీసిన చేతులు ఎంత కడిగినా మంట పోదు. ఆ చేతులతోనే జయకుమారి బజ్జీల పళ్ళెం తెచ్చి పాస్టరు ఇమ్మానియేలు గారి ముందు, ఆయన భార్య అమ్మగారి ముందు పెట్టింది. ఎదురుగా భర్త సంజీవరావు ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చున్నాడు. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారాయన. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికెవరొచ్చినా ఈ ఆట ఉండాల్సిందే. పలక మీద మూడు అక్షరాలు రాస్తాడు. ఆ మూడూ ఉన్న ఇంగ్లీషు మాటల్లో అన్నిటికన్నా పొడుగైనది ఎవరు చెబితే వాళ్ళు గెలిచినట్టు. గెలిచేది ఎప్పుడూ ఆయనే. ఆయన ఓడిపోతే ఏమవుతుందో జయకుమారికి తెలుసు.

"సి, ఎన్, క్యూ" అన్నాడు సంజీవరావు. "కుమారీ, ముందు నువ్వు చెప్పు. బీయే చదివావుగా!"

ఆమెకు తట్టక కాదు. పొడుగు మాటలు గొంతు దాకా వస్తాయి. వాటిని దిగమింగి పొట్టిదాన్ని బయటికి తియ్యడమే కష్టం. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తెలియక గెలిచింది. "మా ఆవిడ డిక్షనరీ మింగిందండోయ్!" అని అందరి ముందూ పకపకా నవ్వాడు. చుట్టాలు గుమ్మం దిగారో లేదో, లేచి రేడియో సౌండు పెంచాడు. పాటలు గట్టిగా వస్తుంటే పక్కింటికి ఇంకేమీ వినపడదు. "నలుగురిలో నన్ను తక్కువ చేస్తావా?" అన్నాడు. ఆ మాట మాత్రం మెల్లగానే అన్నాడు. మర్నాడు కళ్ళు వాచాయేమని అడిగినవాళ్ళకు "మిరపకాయల మంటండీ" అని చెప్పింది. ఈ మిరప చేల మధ్య ఆ అబద్ధం నమ్మనిదెవరు? ఆ తర్వాత చాలాసార్లే చెప్పాల్సొచ్చింది.

"సీక్వెన్స్" అంది.

"ఎనిమిది అక్షరాలేనా? ఎలొక్వెన్స్! తొమ్మిది!" తొడ చరిచాడు సంజీవరావు.

"నాన్నా, నాకింకా పెద్దది తెలుసు" అంది రెబ్కా, వంటింటి గుమ్మంలోంచి. ఏడో తరగతి చదువుతున్న కూతురు.

జయకుమారి వద్దమ్మా అని కళ్ళతోనే సైగ చేసింది. పిల్ల తెరిచిన నోరు ఠక్కున మూసేసింది. ఎంత తొందరగా నేర్చుకుంది! తనకు ఏళ్ళు పట్టిన విద్య దీనికి ఒక్క చూపుతో వచ్చేసింది. మొగుడంటే ఉన్న భయం కన్నా పెద్ద భయం పుట్టింది జయకుమారికి.

"చెప్పు తల్లీ" అంది.

"కాన్సీక్వెన్స్. పదకొండు."

అమ్మగారు చప్పట్లు కొట్టారు. సంజీవరావు అందరికన్నా గట్టిగా నవ్వాడు. "పులి కడుపున పిల్లి పుడుతుందా అండీ!" అన్నాడు. అంటూనే పిల్ల వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు జయకుమారికి కొత్త కాదు. ఇన్నాళ్ళూ అది తన ఒక్కదానికే అనుకుంది.

"ఇక బయల్దేరతామమ్మా, సాయంత్రం ప్రార్థన కూడికుంది" అంటూ పాస్టరు గారు లేచారు. సంజీవరావు కూడా లేచి, సాగనంపడానికన్నట్టు రేడియో బల్ల పక్కకు జరిగాడు.

జయకుమారి పిల్లను వెనక్కి లాక్కుని, వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అయ్యగారూ, వెళ్ళకండి. మీరు గుమ్మం దిగగానే ఈయన రేడియో సౌండు పెంచుతారు. ఎందుకు పెంచుతారో అడగండి."