గేటు బయట పుట్టింటి మనిషి

తన గడప తొక్కినవాళ్లెవరూ అన్నం తినకుండా వెళ్లలేదని పూతలపట్టు దేవకమ్మ చెప్పుకునేది. ఈ ఏడాది ఆ మాట మానేసింది. గేటుకు గొళ్లెం పెట్టింది.

కోడలు జాహ్నవికి రొమ్ము క్యాన్సర్. జాహ్నవి పరాయి పిల్ల కాదు, దేవకమ్మ సొంత అన్న చెంగయ్య కూతురు. తిరుపతి ఆసుపత్రిలో కీమో నడుస్తోంది. రెండో కీమో తర్వాత పలకరించడానికి ఊరంతా వచ్చింది. వారం తిరక్కముందే జాహ్నవికి జ్వరం. మాత్ర వేసి ఒక పూట చూశారు. ఆసుపత్రికి చేరేసరికి మాట రావడం లేదు. మూడో కీమో వాయిదా పడింది.

"క్యాన్సర్‌ను చంపే మందు తెల్లకణాలనూ పడగొడుతుందమ్మా," అన్నాడు డాక్టరు. "రోగంతో కొట్లాడేవి అవే. అవి లేచేదాకా జలుబును కూడా జలుబే కదా అనుకోవద్దు. ఒళ్లు వెచ్చబడితే మాత్ర వేసి చూడొద్దు, నేరుగా ఇక్కడికి తీసుకురండి. మాటిమాటికీ కీమో వాయిదా పడితే మంచిది కాదు."

దేవకమ్మ ఆ మాట కొంగున ముడేసుకుంది. శ్రీ సిటీలో పనిచేసే కొడుకు సునీల్‌కుమార్ వారానికోసారి వస్తే, దొడ్లో స్నానం చేశాకే లోపలికి రానిచ్చేది.

మూడో కీమో అయింది. మర్నాడు కణాలు పెరగడానికి సూది వేశారు. ఆ వారంలోనే శ్రీకాళహస్తి నుంచి చెంగయ్య బస్సు దిగాడు. సంచిలో నాటుకోడి గుడ్లు. గేటు దగ్గర తుమ్మాడు.

"ఆడే నిలబడు న్నా," అంది దేవకమ్మ.

"ఏంది మే?"

"జలుబు సేసిందే నీకు."

"జలుబు మనిషికి రాక మానుకొస్తాదా? గొళ్లెం తియ్యి."

"తియ్యను. పాపకు కణాలు పడిపోయుండాయి. తగ్గినాక రా."

"నా కూతుర్ని సూసేదానికి నీ సెలవు కావల్నా? నీ పెండ్లి నేను సేసినానా, నా పెండ్లి నువ్వు సేసినావా?"

"నువ్వే సేసినావు. నీ కాళ్లు మొక్కుతా. గొళ్లెం మాత్రం తియ్యను."

కిటికీలో జాహ్నవి కనిపించింది. తలకు గుడ్డ కట్టుకుని ఉంది. "నాయనా, అత్త మాట ఇను. నేను బాగుండాను."

చెంగయ్య కూతురి వైపు చూస్తూ నిలబడ్డాడు. సంచి గేటుకు తగిలించి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ పూట దేవకమ్మ సంగటి ముట్టలేదు. గుడ్లు మాత్రం గట్టిగా ఉడికించి కోడలికి పెట్టింది. రెండు పూటలా థర్మామీటరు పెట్టి చూసింది. జ్వరం రాలేదు.

నాలుగో కీమో రోజు ఆసుపత్రిలో రక్తం తీశారు. దేవకమ్మ బెంచీ మీద కూర్చోలేకపోయింది. నర్సు బయటికొచ్చింది.

"కణాలు బాగున్నాయమ్మా. కీమో ఈరోజే."

దేవకమ్మ ఇంకోసారి చెప్పమంది. నర్సు చెప్పింది.

వరండా చివర తెలిసిన గొంతు వినిపించింది. చెంగయ్య మాస్కు కట్టుకుని, పక్క బెంచీ మనిషితో మాట్లాడుతున్నాడు.

"కన్న తండ్రినప్పా నేను. నన్నే గేటుకాడ నిలబెట్టేసింది మా సెల్లెలు! అట్టాంటి ఆడమనిషి మీ ఊర్లో ఉంటే సూపించు."

దేవకమ్మ ఎదురుగా వెళ్లి నిలబడింది. గేటు దగ్గర్నుంచి వెళ్లిపోయాక అతను ఆమెతో మాట్లాడింది లేదు.

"జలుబు తగ్గిందా?"

"తగ్గినాకనే వచ్చినా."

"సేతులు?"

చెంగయ్య రెండు చేతులూ చాపాడు. "రెండు తూర్లు కడిగినా మే."

"ఇంకో తూరి కడుక్కోని రా," అంది దేవకమ్మ. "అప్పుడు సూద్దువు నీ కూతుర్ని."