జవాబులన్నీ తెలిసిన పిల్ల

కళ్లద్దాల దుకాణంలో పనిచేసే ఆ తల్లికి ఆ రోజు పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. సాయంత్రం గ్రంథాలయంలో సమావేశం. వేరే దేశాల నుంచి పిల్లల్ని దత్తత తెచ్చుకున్న కుటుంబాలన్నీ వస్తాయి. ఏ పుస్తకాలు చదివితే మేలో ఆవిడే చెప్పాలి. తనూ అలాగే దత్తత తీసుకుని, విమానం దిగిన పసిదాన్ని ఇంటికి తెచ్చుకున్న నాటి నుంచీ ఆవిడ చదువుతూనే ఉంది మరి. పిల్లకు జ్వరమొస్తే ముందు పుస్తకం తీసి, తర్వాత నుదురు ముట్టుకునే రకం అని మొగుడు ఏడిపిస్తుంటాడు.

సంచిలో పుస్తకాలు సర్దింది, తీసింది, మళ్లీ సర్దింది. ఆ కంగారులో ఒకరి అద్దాలు ఇంకొకరి ఫ్రేములో బిగించి, నాలిక కరుచుకుని ఊడదీసింది.

బడి వదలగానే పిల్ల దుకాణానికి వచ్చింది. తొమ్మిదేళ్లది. నోరు ఊరుకోదు కాబట్టి ఇంట్లో అందరికీ పిచ్చుక.

“పిచ్చుకా, ఈ పుస్తకాలు చూసి మనం మాట్లాడుకునేవి ఒక్కసారి మాట్లాడుకుందామా? అక్కడ చెప్పడానికి నాకు ధైర్యంగా ఉంటుంది.”

పిల్ల ఎత్తు కుర్చీ ఎక్కి బుద్ధిగా కూర్చుంది.

“నిన్ను కన్న అమ్మ గుర్తొస్తే ఎలా ఉంటుంది?”

“కొంచెం దిగులుగా, కొంచెం సంతోషంగా ఉంటుంది. రెండూ ఒకేసారి ఉండొచ్చు. అడిగినందుకు థాంక్స్ అమ్మా.”

తల్లికి కడుపు నిండిపోయింది. సమావేశంలో చూపించాల్సిన పేజీకి గుర్తు పెడదామని అన్నిటికన్నా లావుపాటి పుస్తకం తెరిచింది. పెద్దలు అడగాల్సిన ప్రశ్నలు అందులో ముందున్నాయి, పిల్లలు చెప్పే జవాబులు చివర ఉన్నాయి. మా పిల్ల బాగానే చెబుతోందిగా అని ఆవిడ ఎన్నడూ అటు తిరగెయ్యలేదు. ఇవాళ తిరగేసింది. పిల్ల ఇప్పుడన్న మాటే అక్కడ ఉంది, చివరి థాంక్స్‌తో సహా.

“ఇది చదివావా?”

“ఎప్పుడో! నువ్వు అడిగేవి ముందుంటాయి, నేను చెప్పాల్సినవి వెనకుంటాయి.” పిల్ల గొంతులో బెరుకేమీ లేదు. “సరిగ్గా చెబితే నీ మొహం వెలిగిపోతుంది. లేకపోతే ఇంకో పుస్తకం తెస్తావు.”

ఆవిడ పుస్తకం మూసేసింది. ఇన్నేళ్లూ పిల్ల మనసు తనకు తెలుసనుకుంది. ఒక్క ముక్కా తెలియదు. సిగ్గేసింది. ఇలాగే పెద్దదైపోతే ఇక ఎప్పటికీ చెప్పదేమోనని భయమూ వేసింది. సమావేశానికి వేళవుతున్నా ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగి, చివరికి పిల్ల ఎదురుగా కూర్చుంది.

“ఇందులో లేనిది ఏదైనా అడగాలని ఉందా నన్ను?”

 పిచ్చుక అద్దాలు తుడిచే గుడ్డను మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

“నన్ను కన్న ఆవిడ నాకోసం వస్తే, నన్ను ఇచ్చేస్తావా?”

ఇలాంటప్పుడు తొందరపడకూడదని, కన్నతల్లి గురించి గౌరవంగా మాట్లాడాలని ఏ పుస్తకం తీసినా ఉంటుంది.

“ఇవ్వను,” అనేసింది ఆవిడ. “చచ్చినా ఇవ్వను. తలుపేసేస్తాను.”

పిల్ల మొహం విప్పారింది. కుర్చీ దిగి వచ్చి తల్లి ఒళ్లో కూలబడింది. అంతలోనే తలెత్తింది.

“అంత దూరం నుంచి వచ్చి, బయట నించుని ఏడుస్తుంది కదమ్మా?”

ఆ కన్నతల్లి గురించి ఇంత చదివినా, ఆ మనిషి తమ గుమ్మంలో నిలబడి ఏడవడం ఈ తల్లికి మనసులో ఎప్పుడూ కనబడలేదు. ఇప్పుడు కనబడింది. తలుపేస్తానన్న తన మీద తనకే కోపం వచ్చింది. అయినా పిల్లను వదలబుద్ధి కాలేదు.

“ఏడుస్తుంది,” అంది. “ఏం చేద్దామే మరి?”

“నాకు తెలీదు,” అంది పిచ్చుక. అని, తల్లి భుజంలో మొహం దాచుకుని ఏడ్చింది. ఇన్నేళ్లలో ఏ జవాబు చెప్పినప్పుడూ పిల్ల ఏడవలేదు.