మెయింటైనర్

వంటింట్లో ప్లగ్గు కాలిపోయి రెండు నెలలైంది. అందుకని కొబ్బరి పచ్చడి కోసం మిక్సీని హాల్లోకి తెచ్చి, గోడకున్న ప్లగ్గు పీకేసింది సుభద్రమ్మ. అది కంప్యూటర్ది. కోడలు తులసి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చేసరికి తెర నల్లబడింది. ముప్పావుగంటగా నడుస్తున్న బిల్డు, అంటే ప్రోగ్రాం తయారీ, గంగలో కలిసింది.

"దానంతటదే తిరుగుతన్నాది గదే, మల్లీ తిరుగుతాది. దానికేటి?" అంది అత్త.

నిజమే, చూసేవాళ్ళకు అలాగే ఉంటుంది. తెర మీద అక్షరాలు బారులు తీరి పోతుంటాయి, మనిషి కుర్చీలో కూర్చునుంటుంది, కాబట్టి మనిషి ఖాళీ. ఆ ఖాళీలోనే బియ్యం ఏరాలి, బట్టలు ఆరేయాలి. ఇరవై బడుల్లోని లినక్సు కంప్యూటర్లకు తెలుగు టైపు ప్రోగ్రాంని సోర్సుకోడు నుంచి బిల్డు చేసి, టీచర్లు ఒక్క నొక్కుతో ఎక్కించుకునే ప్యాకేజీగా తయారుచేసేది తులసే. లైబ్రరీలనే తోడు ప్రోగ్రాముల్లో ఏది లేదని అది ఎక్కడ మొరాయిస్తుందో ఆమెకే తెలుసు. నెల్లిమర్లలో కంప్యూటర్ల షాపు, బడుల ఆఫీసు మీటింగుల్లో కుర్చీ మాత్రం మొగుడు యుగంధర్‌వి.

ప్రతి ప్యాకేజీలో మెయింటైనర్ అని ఒక వరస ఉంటుంది. దాని మంచిచెడ్డలు చూసే మనిషి పేరు అక్కడ రాయాలి. నాలుగేళ్ళ కిందట ఎవరి పేరు పెట్టమంటావని అడిగితే, "నా పేరెట్టీ. ఎవలైనా ఫోన్ సేస్తే నువ్వేటి మాటాడతావ్" అన్నాడు. పెట్టేసింది. ఫోన్లు అతనికే వచ్చాయి, రెండు మాటలయ్యాక ఆమె చేతిలోకే వచ్చిపడ్డాయి. మీ ఆవిడేం చేస్తారని షాపులో ఎవరైనా అడిగితే మాత్రం, ఇంట్లో కాళీగా ఉంటాది అంటాడు.

పొందూరులో తులసి అమ్మ కూర్మమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఒళ్ళు హూనం చేసుకుని సన్న నూలు తీసేది. ఆ నూలుతో నేసిన బట్టను ఎంతెంతవాళ్ళో కట్టారు. అమ్మ పేరు ఏ అంచు మీదా లేదు. పేరేటే, నూలు తెగకపోతే సాలు అనేది. ఆ మాట గుర్తొచ్చి తులసికి ఒళ్ళు మండింది. కాసేపు మండే ఓపిక కూడా లేక నీరసం వచ్చింది.

చేతులు కడుక్కుని కంప్యూటర్ ప్లగ్గు పెట్టింది. ఎలాగూ మొదటినుంచే కదా అనుకుని ఆ వరస తెరిచింది. యుగంధర్ పేరు చెరిపి తన పేరు రాసింది, తన నంబరూ రాసింది. బిల్డు అయ్యేదాకా పచ్చడి రోట్లో రుబ్బి, ప్యాకేజీని బడుల ఆఫీసుకు పంపింది.

మధ్యాహ్నం ఆ ఆఫీసు నుంచే యుగంధర్ ఫోను చేశాడు.

"సారు ఎదర నా పరువు పోనాది. తులసి ఎవలని అడుగుతన్నారు. ఏటి సెప్పమంటావ్?"

"ఇంట్లో కాళీగా ఉంటాదని సెప్పు బావా."