కోకో తోటలో నా పాట

మా ఆయన గాస్పార్ బండి నడపడానికి ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మొదలుపెట్టిన రోజే నాకు అనుమానం రావాల్సింది. రోజూ వేసుకుంటే అదో తీరు. ఓడ వచ్చిన రోజున, అందులోనూ మేం ఆన్సెల్మా కోకో తోటకి వెళ్ళే రోజున మాత్రమే వేసుకుంటున్నాడు. నేను కాస్త ఆలస్యంగా గమనించాను. గమనించాక మాత్రం ఆ చొక్కా తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు.

మా పని యాత్రికుల్ని ఊరు తిప్పి చూపించడం. మా దీవికి విహార ఓడ వచ్చి సూఫ్రియేర్ అఖాతంలో లంగరు వేస్తుంది. చిన్న పడవల్లో ఒడ్డుకు దిగిన వాళ్ళలో ఎనిమిది మందిని మా వ్యాన్ ఎక్కించుకుంటాం. ముందు గంధకం బుగ్గల దగ్గర బురద స్నానం, తర్వాత తోట, అక్కడే భోజనం, ఆపైన బీచ్, పొద్దు వాలేలోపు మళ్ళీ రేవు. స్టీరింగు అతనిది, నోరు నాది. దారి పొడుగునా కబుర్లు చెబుతాను, నవ్విస్తాను, పాడతాను. దిగేటప్పుడు అందరూ నన్ను కౌగిలించుకుని పోతారు. డ్రైవరుకి చెయ్యి ఊపుతారు.

అది అక్టోబరు. మా మార్గరీట్ పండగ ముంచుకొస్తోంది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళు రోజా సంఘమో మార్గరీట్ సంఘమో, ఏదో ఒక పువ్వు పక్షాన ఉండి తీరాలి. రోజా వాళ్ళ పండగ ఆగస్టులోనే అయిపోయింది. ఆ రోజు వాళ్ళు మా పువ్వుకి వాసన లేదని పాట కట్టి పాడితే ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. దానికి జవాబు మేమివ్వాలి. మేమంటే నేనే. మా సంఘంలో ముందు పాడేది నేను, మిగతావాళ్ళు నా వెనక అందుకుంటారు. గాస్పార్ ఆఖరి వరసలో నిలబడి తాళానికి గిలక్కాయ ఊపుతాడు. అయితే ఈసారి మా సంఘం రాణి, అంటే మేం ఎన్నుకున్న పెద్ద, నన్ను పిలిచి, "ఎర్మీన్, పోయిన రెండేళ్ళూ నీ పాటలు చప్పగా ఉన్నాయే. ఈసారి కూడా అంతే అయితే వేరే గొంతు చూసుకోక తప్పదు" అని మొహం మీదే చెప్పేసింది.

కొత్త పాటకి నాలుగు పాదాలు కావాలి. నాకు రెండు వచ్చాయి.

*రోజా, నీకు వాసనుంది, ఎండెక్కితే తల వాలుస్తావు.*
*మార్గరీట్, నీకు వాసన లేదు, ఎండిపోయినా రంగు పోదు.*

అంతే, అక్కడ ఆగిపోయింది. మూడో పాదం చోట "మార్గరీట్ రాణికి జేజేలు" అని ఏదో కుక్కాను. అది ఎంత చప్పగా ఉందో నాకూ తెలుసు. పండగ నాటి దాకా కొత్త పాట బయట ఎవరికీ వినిపించకూడదు, రోజా వాళ్ళకి అసలే వినిపించకూడదు. నేనూ వినిపించలేదు. పొయ్యి దగ్గర సీమపనస కాలుస్తూ నాలో నేను పాడుకునేదాన్ని. గాస్పార్ పక్కనే కూర్చుని కాఫీ తాగేవాడు. అతను వింటున్నాడని నాకు ఏనాడూ తోచలేదు. గోడ వింటోందని ఎవరైనా అనుకుంటారా?

పండగకి కొద్ది రోజుల ముందు ఓడ వచ్చిన రోజున, బుగ్గల దగ్గర ఎప్పటిలాగే నడిచింది. వెండి నగలు తీసేయండమ్మా, నల్లబడతాయి అని చెప్పాను. కుళ్ళిన గుడ్ల వాసనకి ముక్కులు మూసుకున్నవాళ్ళే కాసేపటికి ఒళ్ళంతా బూడిదరంగు బురద పూసుకుని ఒకరినొకరు ఫొటోలు తీసుకున్నారు. మామూలుగా ఆ సమయంలో గాస్పార్ వ్యాన్‌లో కునుకు తీస్తాడు. ఆ రోజు మాత్రం మెట్ల దగ్గరికి వచ్చి, "కానివ్వండి, కానివ్వండి, తోటకి ఆలస్యమైపోతుంది" అని తొందరపెట్టాడు.

"తోట ఎక్కడికీ పారిపోదులే" అన్నాను.

నీలం టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ బురద కడుక్కుంటూ ఇంగ్లీషులో నన్నడిగింది. "నువ్వింత బాగా పాడతావు, మీ ఆయన కూడా పాడతాడా?"

"అతనా? అయ్యో అమ్మా, అతను హారన్ కొట్టినా శ్రుతి తప్పుతుంది" అన్నాను. ఎనిమిది మందీ గొల్లుమన్నారు. గాస్పార్ కూడా నవ్వాడు, నవ్వి వెళ్ళి బండిలో కూర్చున్నాడు.

ఆన్సెల్మా తోట కొండ వాలులో ఉంటుంది. మొగుడు బార్బడోస్ వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టాక, తోటంతా ఆమే చూసుకుంటోంది. నలభై దాటినా నడుం తిన్నగా ఉంటుంది, నవ్వితే చెవుల దాకా నవ్వుతుంది. అన్నిటికంటే ముఖ్యం, రోజా సంఘం మనిషి. నేను అతిథులకి కోకో చెట్లు చూపించి, కాయ కొట్టించి, తెల్లగుజ్జు నాకించి తీసుకొచ్చేసరికి ఆమె పెద్ద ఇనప బాణలిలో ఎండిన గింజలు పోసి, చెప్పులు లేని కాళ్ళతో వాటి మీద నాట్యం చేస్తూ ఉంటుంది. గింజలకి అలాగే మెరుగు వస్తుంది. పాడుతూ తొక్కుతుంది. ఎప్పుడూ ఏదో పాత పాట పాడేది.

ఆ రోజు పాడింది నా పాట.

మొదట నా చెవుల్నే నేను నమ్మలేదు. రోజా, నీకు వాసనుంది అంటోంది. రోజా సంఘం మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని, నేను పొయ్యి ముందు కట్టిన పాట పాడుతోంది! రెండో పాదం కూడా నాదే, అక్షరం పొల్లుపోలేదు. నా ఒళ్ళు భగ్గుమంది. ఈ పాట విన్నది ప్రపంచంలో ఒక్కడే. మరి నా వంటింట్లోంచి ఈమె కాళ్ళ కిందికి అది ఎలా వచ్చింది? ఎక్కడ, ఎవరి పక్కన కూర్చుని, ఎంత దగ్గరగా వంగి పాడితే వచ్చింది? ఇస్త్రీ చొక్కా గుర్తొచ్చింది. ఆ బాణలిలోకి దూకి ఆమె జుట్టు పట్టుకుందామన్నంత కోపం వచ్చింది.

ఇంతలో ఆమె మూడో పాదం అందుకుంది.

*వాసన లేదనే నన్నెవరూ తెంపలేదు, ఇంకా కొమ్మ మీదే ఉన్నాను.*

 అది నాది కాదు. రెండు పాదాల పాటూ నేను పువ్వుని బయటినుంచి చూసి పొగిడాను. ఇక్కడ పువ్వే నోరు విప్పి మాట్లాడింది. వారాల తరబడి నేను తలుపు తట్టినా తెరుచుకోనిది, ఎవరో లోపలినుంచి తెరిచినట్టుంది. రోజా వాళ్ళ వెక్కిరింతకి ఇంతకంటే జవాబు లేదు. అది నాకు రాలేదు, ఇంకెవరికో వచ్చింది. మొగుణ్ణి పోగొట్టుకున్నానన్న మంట ఒక పక్క, ఆ పాదం నాది కాదన్న మంట ఒక పక్క. నిజం చెప్పొద్దూ, రెండోదే ఎక్కువ కాల్చింది.

అతిథులు చప్పట్లు కొట్టారు. ఆన్సెల్మా బాణలి దిగి కాళ్ళు తుడుచుకుంటుంటే పక్కకి లాగాను.

"ఎవరే నీకీ పాట నేర్పింది?"

"ఇంకెవరక్కా, మీ ఆయనే! మమ్మల్ని ఎత్తిపొడిచే పాటని తెలుసు, అయినా నోట్లోంచి పోవట్లేదనుకో. ఒట్టు, మా వాళ్ళెవరికీ చెప్పను. ఇవాళే ఇట్టా బయటివాళ్ళ ముందు పాడానంతే, వాళ్ళకి మన భాష ఎలాగూ రాదుగా."

"ఎప్పుడు నేర్పాడు?"

"నువ్వు వాళ్ళని తోటంతా తిప్పుతుంటావు చూడు, అప్పుడే. ఇదిగో, ఈ బెంచీ మీద కూర్చుని. పనివాళ్ళు కూడా వింటారు."

"ఆ మూడో ముక్క కట్టింది నువ్వేనా?"

"నాకంత తెలివుంటే ఇక్కడ గింజలెందుకు తొక్కుతాను! ఆయనే కట్టాడు. ఆ ఒక్క ముక్కకీ మూడు ఓడలు పట్టింది పాపం. వచ్చినప్పుడల్లా ఒక మాట తీసేయడం, ఇంకో మాట పెట్టడం. మొదటి రెండూ మాత్రం చకచకా వచ్చేశాయంట. నాలుగోది ఇంకా దొరకలేదంట." నా మొహంలోకి చూసింది. "అదేంటక్కా, మొత్తం పాట ఆయనదేగా? నీకు చెప్పలేదా?"

వ్యాన్ పక్కన గాస్పార్ తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తున్నాడు. మాటలన్నీ వినిపించేంత దగ్గర్లోనే ఉన్నాడు, తల మాత్రం ఎత్తలేదు. ఒక్క మాట అంటే చాలు, ఆన్సెల్మా ముందు, పనివాళ్ళ ముందు అతని పరువు గంగలో కలిసిపోతుంది. నా నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మొదటి రెండూ నావి అని చెబితే, మూడోది నాది కాదని కూడా చెప్పినట్టే.

"తెలుసు. ఎందుకు తెలీదు!" అన్నాను.

ఆ రోజు ఆన్సెల్మా వడ్డించిన అరటికాయ, ఉప్పు చేప నాకు సయించలేదు. కోకో టీ కూడా సగం పారబోశాను. అతిథులు మాత్రం రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నారు.

బీచ్‌లో అందరూ నీళ్ళలోకి దిగాక బాదం చెట్టు నీడలో అతని పక్కన కూలబడ్డాను.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏది?"

"ఆన్సెల్మాతో."

"అలాంటిదేం లేదు ఎర్మీన్."

"లేకపోతే నా పాట దాని కాళ్ళ కిందెందుకుంది? రోజా మనిషికి, పండగకి ముందు, నా పాట! బుద్ధుందా నీకు?"

ఇసకలో వేలితో గీతలు గీశాడు. "ఊరికే కూనిరాగం తీశాను, అంతే. ఎవరు కట్టారు, ఎంత బాగుందీ అంది. నావైపే చూస్తూ అడిగింది. నాకు..." గీతలు చెరిపేశాడు. "నన్నట్టా చూసి ఎవరైనా ఒక మాట అడిగి ఎంత కాలమైందో. నేనే అనేశాను."

"అనేశావా! సిగ్గు లేదూ?"

"అనేశాక వచ్చింది. అప్పటికి మాట నోరు దాటిపోయింది. మిగతాదేదీ అనడిగింది. నాదన్నాక నేనే కట్టాలిగా మరి. వారమంతా బండి నడుపుతూ అదే ఆలోచన."

"ఆ ఇస్త్రీ చొక్కా?"

"పాటలు కట్టే మనిషినన్నానుగా. పాత చొక్కాతో ఏం పోతాను?"

నవ్వొచ్చింది. ఆపుకున్నాను, ఎందుకంటే నాకింకా కోపంగానే ఉంది. "మూడో ముక్క వచ్చింది కదా, ఇంట్లో నాకు చెప్పడానికేం? నేనక్కడ జేజేలు, జేజేలు అని గొంతు చించుకుంటుంటే వింటూ కూర్చున్నావా?"

"నువ్వు నవ్వుతావని."

నవ్వేదాన్నే. 

"ఇంకోసారి చెప్పు" అన్నాను. "పాడొద్దు, ఊరికే చెప్పు."

సముద్రం వైపు చూస్తూ చెప్పాడు. వాసన లేదనే నన్నెవరూ తెంపలేదు, ఇంకా కొమ్మ మీదే ఉన్నాను. అప్పుడు తెలిసింది నాకు, అందులో మాట్లాడుతున్నది మార్గరీట్ పువ్వు కాదని. ఇన్నేళ్ళుగా నా పక్క సీటులో కూర్చుని బండి నడిపిన మనిషి. జాలి పడాల్సిన చోట నాకు జాలి రాలేదు. అతనికి నిజంగానే ఇంకో ఆడదుంటే వెళ్ళి దాని గుమ్మం ముందు నిలబడి నాలుగు కేకలేసేదాన్ని, కడుపుమంట చల్లారేది. ఈ పాదాన్ని ఏం చేయను? ఎవరి గుమ్మం ముందు నిలబడను? ఇన్నాళ్ళూ రోజా వాళ్ళ పాటలు చూసి కుళ్ళుకున్నాను, మా సంఘంలో చిన్నపిల్లల గొంతులు విని కుళ్ళుకున్నాను, పక్కలో మనిషిని చూసి కుళ్ళుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పొద్దు వాలుతుండగా రేవుకి చేరాం. అతిథులు దిగుతూ నన్ను కౌగిలించుకున్నారు. నీలం టోపీ పెద్దావిడ పడవ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అతనికి చెయ్యి ఊపింది. వాళ్ళ పడవ దూరమయ్యాక మేమిద్దరం బండెక్కాం.

"పండక్కి ఏది పాడతావు?" అనడిగాడు.

"నీ ముక్కే పాడతాను. వేరే దారుందా? జేజేలంటే రాణి నన్ను బయటికి గెంటుతుంది." తలుపు వేసుకుంటూ అన్నాను, "కానీ నీ పేరు చెప్పను."

"చెప్పకు."

"నేనే కట్టానంటారు అందరూ. ఆన్సెల్మాకి కూడా, ఊరికే కోతలు కోశానని నువ్వే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటాను."

"నీకేం అనిపించదా?"

"నీకు తెలుసుగా" అని బండి కదిలించాడు. "నాకది చాలు."

ఆ మాటలో ఎక్కడైనా పుల్లవిరుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. పేరు లేకపోయినా చాలనుకోవడం నావల్ల ఏ జన్మకీ కాదు, అది కూడా అతనికే వచ్చింది.

బండి కొండ ఎక్కుతోంది. నేను కిటికీలోంచి చూస్తూ నాలుగో పాదం వెతుక్కుంటున్నాను. మలుపు దగ్గర అతని పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. అతనూ అదే వెతుకుతున్నాడు. దేవుడా, నాకంటే ముందు ఇతనికి దొరకనివ్వకు అని మొక్కుకున్నాను.