గోరంత తక్కువైన దారం

నేను ఒక భూగోళాన్ని. రెండు అట్ట డొప్పలను నడుము దగ్గర అతికించి, పైన రంగుల కాగితం అంటించి, ఇనుప కాడకు గుచ్చితే నేనయ్యాను. సముద్రాలన్నీ నా మీదే ఉన్నాయి, తడి మాత్రం లేదు. మొదట ఒక బడి నన్ను కొన్నది. పిల్లలు నన్ను గిరగిరా తిప్పడం నేర్చుకున్నారు, అంతకు మించి ఏమీ నేర్చుకోలేదు. బడి మూతపడ్డాక రాయచోటిలో ట్రావెల్స్ నడిపే సుబ్బరత్నం శెట్టి నన్ను పాత సామాన్లలోంచి ఏరుకొచ్చాడు.

శెట్టి ఏదీ ఊరికే కొనడు. కువైట్ పోయేవాళ్లకు టికెట్లు తీసిచ్చే కొట్టు అది. వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒక్కటే, ఎంత దూరమని. మూడు వేల కిలోమీటర్ల పైమాటే అంటే సగంమంది లేచి వెళ్లిపోయేవాళ్లు. అందుకని శెట్టి ఎర్రదారం తీసి ఒక కొస హైదరాబాదు మీద, ఇంకో కొస కువైట్ మీద ఆనించేవాడు.

"చూడండి, జానెడు లేదు. పొద్దున విమానమెక్కితే మధ్యాన్నానికి అక్కడుంటాడు. సంగటి దొరకదు, అంతే కష్టం."

వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వినవాడు బేరం వదలడని శెట్టికి తెలుసు. ఆ కొలతకే రెండు దారాలు తెంచి, పోయేవాడి మొలతాడుకు ఒకటి, ఇంటామె తాళికి ఒకటి కట్టుకోమనేవాడు. అయితే అంతకుముందు ఆయనది గుడ్డల కొట్టు. తెంచేటప్పుడు గోరంత తగ్గించడం ఆ చేతికి అలవాటు.

లారీ తోలడానికి కువైట్ పోయిన చెంగల్రాయుడి ఫోన్లు ఏడాదికి ఆగిపోయాయి. ఎప్పుడో వెళ్లిపోయాడని అక్కడి యజమాని అన్నాడు. ఒకరోజు అతని భార్య రెడ్డెమ్మ కొట్టుకొచ్చి, తాళికున్న దారం విప్పి, తానే నా మీద పరిచింది. రెండో కొస కువైట్ దాకా రాలేదు.

"ఇది ఆగినచోట ఏ ఊరుంది శెట్టన్నా?"

"ఊరేం లేదమ్మా. సముద్రం." శెట్టి దారం కొస పట్టి లాగి చూశాడు. "చెమటకు కుదించుకుపోయింటుంది."

"కుదించుకుపోయేది నీ కొట్లో గుడ్డ కదా. దారం కూడానా?"

శెట్టి కొత్త దారం తీసి, ఈసారి గోరంత ఎక్కువే ఉంచి తెంచాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"నాది పొడుగైతే ఏం లాభం? ఆయన మొలతాడుకుండేది పొట్టిదే కదా. దాంతో ఎట్ల వస్తాడు?"

శెట్టి కొత్త దారాన్ని చుట్టి సొరుగులో పడేశాడు. పాత దారం నా మీదే అంటుకుపోయింది. ఫ్యాను గాలికి కదల్లేదు. శెట్టి దాన్ని తియ్యలేదు. దూరమెంతని అడిగినవాళ్లకు కిలోమీటర్లే చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు. సంతరోజున రెడ్డెమ్మ వచ్చి "ఏమన్నా జరిగిందా?" అనేది. ఇద్దరూ వంగి దారం కొస చూసేవాళ్లు. "లేదమ్మా" అనేవాడు శెట్టి.

కొట్టు ఎత్తేసిన రోజు నన్ను ఆమె ఇంట్లో దింపిపోయాడు. వెల అడగలేదు.

ఆ వానాకాలం రేకుల సందులోంచి నీళ్లు కారి నేను తడిశాను. దారం ఊడిపోయింది. దాని ఎరుపు మాత్రం కొస దగ్గర, సముద్రం మధ్యన, చుక్క కట్టి నిలిచింది. నా మీద ఊళ్లన్నీ అలాంటి ఎర్రచుక్కలే. వాటికి పేర్లున్నాయి, దీనికి లేదు.

రెడ్డెమ్మ ఇప్పటికీ కూలికి పోతూ ఆ చుక్క మీద వేలు పెడుతుంది. పోతున్నానని చెప్పదు. చెంగల్రాయుడు చెప్పిపోయిన మాటే చెబుతుంది.

"వస్తా."